బాణామతి పోవుట వేరు, ఆలోచన వచ్చుట వేరు

మన దినపత్రికల జిల్లా పుటలలో "మంత్రాల నెపంతో" అను మాటలతో ఆరంభమగు వార్త అప్పుడప్పుడు కనబడుచునే యున్నది. ఒక వృద్ధురాలి ప్రాణము, ఒక కుటుంబపు పరువు, ఒక గ్రామపు పాపము నాలుగైదు పంక్తులలో ముగిసిపోవును. పోలీసులు నిందితులను పట్టుకొనిపోయినారని మరునాడును, కళాబృందము వచ్చి మూఢనమ్మకములు కూడదని పాడి పోయినదని ఆపై వారమును మరి రెండు వార్తలు వచ్చును. అంతటితో పత్రికకును, ప్రభుత్వమునకును, చదువుకొన్న మనబోంట్లకును ఆ గ్రామముతో పని తీరిపోవును. చేతులు కట్టుకొని చూచుచు నిలిచిన ఆ వందలమంది మనస్సులు ఎట్లు తయారైనవి, వానిని తిరిగి ఎట్లు బాగుచేయవలెను అని అడుగువారు మాత్రము అరుదు.

నారాయణఖేడ్ ప్రాంతమువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండెను. ఆ ఏట జహీరాబాదుతో పాటు మెదక్ జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజనుగా నిలిచినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాల లంబాడీ భాష ఒకే సంతలో కలిసి వినబడు ఈ మూలలో జాతరలకు గాని, బంధుత్వములకు గాని, చెరకు నరుకుటకై పోవు వలసలకు గాని రాష్ట్రపు సరిహద్దు ఏనాడును అడ్డు కాలేదు. బాణామతి యను చేతబడి భయమునకును కాలేదు. ఇంటిమీద రాళ్ళు పడుట, పెట్టెలోని బట్టలు తమంత తామే అంటుకొనుట, కోడలు పిల్ల హఠాత్తుగా పడిపోయి కుక్కవలె మొరుగుట, పసివానికి తిన్నది ఇమడక చిక్కి శల్యమగుట, పాడిబర్రె పొదుగు ఎండుట, వీనిలో ఏది జరిగినను "ఎవలో చేసిండ్రు" అను ఒక్క మాట బయలుదేరును. ఆ మాట పుట్టిన గడియనుండి గ్రామము కారణమును వెదకుట మాని మనిషిని వెదకుటకు పూనుకొనును. దొరకు మనిషి చాలవరకు ఒంటరియగు ముసలమ్మయో, భూమి తగాదాలో చిక్కిన పాలివాడో, ఊరి చివరి పేదయో అగును. ఊరిలో పలుకుబడి గలవాడు బాణామతి చేసెనని నిందమోసిన సంగతి విన్నవారు బహు తక్కువ. పళ్ళు ఊడగొట్టినచో మంత్రము నోట నిలువదను నమ్మకముతో మనుష్యుల పళ్ళు రాలగొట్టిన ఉదంతములు, చెట్టుకు కట్టి కొట్టిన ఉదంతములు, సజీవముగా దహించిన ఉదంతములు తెలంగాణ జిల్లాల నేరచరిత్రలో కలవు. జాతీయ నేర నమోదు సంస్థ ప్రచురించు హత్యల పట్టికలో ఆస్తి తగాదా, పాతకక్ష మొదలగు కారణముల సరసన చేతబడికిని ఒక గడి నేటికిని కేటాయింపబడి యున్నది.

దీనిని అజ్ఞానమని పిలిచి తృప్తిపడుట మన అలవాటు. నాకది సరిపడదు. బాణామతిని నమ్మువాడు మిక్కిలి శ్రద్ధగా నేర్పబడినవాడు. తల్లి ఒడిలో ఉన్ననాడే అతనికి ఆ పాఠము మొదలైనది: ఫలానా ఇంటివారు పెట్టినది తినరాదు, ఫలానా ముసలిదాని కంట పడరాదు, అమావాస్యనాడు మూడుబాటలు కలియుచోట నిమ్మకాయ దాటరాదు. ఆ పాఠము చెప్పినవారు శత్రువులు గారు. అతనిని ప్రేమించి పెంచిన నాయనమ్మ, మేనత్త, పెద్దనాయన. ఏ మతసంస్థయో, ఏ రాజకీయ పక్షమో తన అనుయాయులకు పట్టుదలతో బోధించు సిద్ధాంతమునకు ఉండు లక్షణములన్నియు దీనికి ఉన్నవి. శిబిరము మాత్రము లేదు, ఊరే శిబిరము. మంత్రగాడు కట్టిన తాయెత్తుతో పిల్లవాడు కోలుకొనినచో తాయెత్తు మహిమ. కోలుకొననిచో చేసినవాని విద్య అంతకంటె బలమైనది. నింద పడినవాడు కాదనినచో బొంకు, ఏడ్చినచో నటన, మౌనముగా ఉన్నచో ఒప్పుకోలు. అతని పక్షమున ఎవడైన ఒక మాట ఆడినచో వాడును దానిలో పాలుగలవాడే. ఇన్ని ద్వారములను మూసివైచిన ఇంటిలోనికి సందేహమునకు ప్రవేశమెక్కడ?

చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వపు "ఆలోచనా సంస్కరణ" శిక్షణనుండి బయటపడి హాంగ్‌కాంగుకు చేరినవారిని 1954, 55 సంవత్సరములలో కలిసి మాటలాడిన రాబర్ట్ జే లిఫ్టన్ అను అమెరికా మనోవైద్యుడు, 1961లో ప్రకటించిన తన గ్రంథమున ఇట్టి బోధల లక్షణములను కొన్నిటిని వివరించెను. వానిలో నా మనస్సునకు మిక్కిలి తగిలినది ఒకటున్నది: సిద్ధాంతమునకును మనిషి స్వానుభవమునకును విరోధము వచ్చినచో, తప్పు అనుభవమునదే అని అతనిచేత ఒప్పించుట. మన పల్లెలో జరుగుచున్నది అదియే. బోరుబావి చుట్టు మురుగు నిలిచినదని తల్లికి తెలియును, ఆ నీరు త్రాగిన మూడవనాడు పిల్లకు విరేచనములు పట్టినవనియు తెలియును. అయినను తన కన్నులు చూచినదానిని ఆమె నమ్మదు, ఊరు చెప్పినదానిని నమ్మును. ఆమె తెలివికి ఏ లోటును లేదు. అంగడిలో పావుకిలో తూకమున కాటా ముల్లు వెంట్రుకవాసి వంగినను పట్టుకొనగలిగిన తెలివి అది. దానిని ఒక విషయమున మాత్రము వాడరాదని నేర్పినారు, అంతే. కావున మనము ఆమెకు క్రొత్తగా తెలివిని ఇచ్చునది లేదు. ఆమె తెలివిని ఆమెకు తిరిగి స్వాధీనము చేయుటయే పని.

ఈ పనికి మన ప్రాంతమున ఒక చరిత్ర ఉన్నది. 1980వ దశకమున ఉమ్మడి మెదక్ జిల్లాలో బాణామతి భయము గ్రామములను పట్టి కుదిపినప్పుడు, పోలీసులు, వైద్యులు, హేతువాదులు, ఇంద్రజాలికులు కలిసి పల్లెలు తిరిగిరి. విజయవాడలోని నాస్తిక కేంద్రమువారును వచ్చిరి. గోరాగారు 1940లో ముదునూరులో నెలకొల్పగా తరువాత విజయవాడకు మారిన ఆ కేంద్రము నిప్పుల మీద నడచుటకు దైవానుగ్రహము అక్కరలేదని తాము నడచియు, ఇతరులను నడిపించియు చూపిన చరిత్ర గలది. బట్టలు తమంత తాము అంటుకొనుటకు భాస్వరము చాలుననియు, గ్లిసరిను పడిన పర్మాంగనేటునుండి మంట దానంతట అదే పుట్టుననియు, పసుపునకు సున్నము తగిలినచో నెత్తురు రంగు వచ్చుననియు ఇట్టి బృందములు పల్లెవారి ఎదుటనే చేసి చూపుచు వచ్చినవి. ఆ పనిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. రాత్రివేళ రాళ్ళు వేయు చేయి మనిషి చేయియేనని తెలిసిన గ్రామములో కొన్ని ప్రాణములు నిలిచి యుండును. ప్రాణము నిలుపుట కంటె గొప్ప వాదము లేదు.

కాని గుట్టు విప్పుటతో మోసగాడు బయటపడును గాని, బాధితురాలు బాగుపడదు. పడిపోయి మొరిగిన కోడలు పిల్ల ఎవరిని మోసగించినది? ఆమె వద్ద భాస్వరమును లేదు, సున్నమును లేదు. ఆమె స్పృహ తప్పిన మాట నిజము, నోట వచ్చిన కేక నిజము, లేచిన పిమ్మట ఏమి జరిగినదో తెలియని మాటయు చాలవరకు నిజము. మనోవైద్యులు దీనిని చేతన విచ్ఛిన్నమగు స్థితిగా గుర్తింతురు; నోట చెప్పుకొనరాని దుఃఖము దేహము ద్వారా పలుకుట దీనిలో సామాన్యము. పదునారేండ్లకు పెండ్లియై, పెనిమిటి చెరకు ఫ్యాక్టరీకి వలసపోగా అత్తింట మిగిలి, బిడ్డ నిలువక, ఎవరితో చెప్పుకొనుటకును నోరు లేని పిల్లకు ఊరంతయు చెవియొగ్గి వినునది పూనకము వచ్చిన ఆ గడియలోనే గదా! అట్టిదానిని రచ్చబండ మీద నిలిపి "ఇదంతయు నటన" అని చెప్పిన శాస్త్రవాది ఒక పెద్ద తప్పు చేసినవాడగును. ఆమె దృష్టిలో మంత్రగాడు తన బాధ నిజమని ఒప్పుకొన్నాడు, మందు మాత్రము తప్పు ఇచ్చినాడు. చదువుకొన్నవాడు బాధనే కాదన్నాడు. ఈ ఇద్దరిలో ఆమె మరల ఎవరి గడప త్రొక్కునో చెప్పనక్కరలేదు.

ఇచ్చట మరొక అడ్డంకి యున్నది. మన తెలంగాణలో మనోవైద్యమనగానే, హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న "ఎర్రగడ్డ" అను పేరు తిట్టుగా వాడుకలో పడినది. దయ్యము పట్టినదన్న పిల్ల మీద ఊరు జాలిపడును, ముడుపు కట్టును, కోడిని కోయును. ఎర్రగడ్డకు తీసికొనిపోయినారన్న పిల్లకు చెల్లెలి సంబంధము కూడ తప్పిపోవును. నారాయణఖేడ్‌నుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. కాని ఆ బస్సు దూరము కంటె ఈ అవమానపు దూరము ఎక్కువ. ఇది ఎరుగనివారు "డాక్టరు దగ్గరకు ఎందుకు పోరు?" అని పల్లెలను నిందింతురు. బిడ్డ పెండ్లిని పణము పెట్టి శాస్త్రీయదృష్టిని నిరూపింపుమని అడిగినచో పట్టణవాసులలో మాత్రము ఎందరు ముందుకు వత్తురు?

నమ్మకమునుండి బలవంతముగ మనస్సును విడిపింపజూచిన ప్రయోగము లోకములో జరుగకపోలేదు. 1970వ దశకమున అమెరికాలో క్రొత్త మతశాఖలలో చేరిన యువతీయువకులను తల్లిదండ్రులు డబ్బిచ్చి పట్టి తెప్పించి, గదులలో బంధించి, రాత్రింబవళ్ళు వాదించి వారి నమ్మకమును విరుగగొట్టించుట ఒక వృత్తిగా బయలుదేరెను. టెడ్ ప్యాట్రిక్ అనునతడు దానికి ఆద్యుడు; ఆ పనికే అతడు జైలుశిక్షలు అనుభవించెను. 1995లో ఒక న్యాయస్థానము అట్లు నిర్బంధింపబడిన యువకునికి లక్షల డాలర్ల పరిహారము ఇప్పించుటతో ఆ వృత్తి వెన్ను విరిగినది. తల్లిదండ్రుల భయము అకారణమని నేననను. 1978 నవంబరు 18న గయానా అడవులలోని జోన్స్‌టౌనులో ఒక గురువు ఆనతి మీద 900 మందికి పైగా ప్రాణములు కోల్పోయిన దారుణమును చూచిన కాలమది. కాని గదిలో పెట్టి తాళము వేసి "స్వతంత్రముగా ఆలోచింపుము" అని ఆజ్ఞాపించుటలోని వింత ఎవరికైన కనబడకపోదు. లొంగుటకు అలవాటుపడిన మనస్సు అచ్చటను లొంగినది, గురువు మారినాడు గాని శిష్యుడు మారలేదు.

మన దేశములో తాళపుగది లేదు గాని దాని తమ్ముడు ఉన్నాడు. హత్య జరిగిన గ్రామములో జనమును వరుసగా నిలిపి, చేయి చాపించి, ఇకమీదట బాణామతిని నమ్మబోమని అధికారులు ప్రతిజ్ఞ చేయించుట చూచుచున్నాము. లాఠీ నీడలో చేసిన ప్రతిజ్ఞకు వయస్సెంత? జీపు వెనుకకు తిరుగు నంతవరకు. బడిలో జరుగునదియు ఇదే పద్ధతి. భూతములు లేవని పరీక్షలో వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొను విద్యార్థి, ఆ పరీక్షకు పోవునప్పుడే మొలత్రాటికి మంత్రించిన దారము కట్టుకొని పోవును. రెండింటిలోను అతడు చేసినది పెద్దలు చెప్పిన మాట వినుటయే. శాస్త్రీయదృష్టిని, మానవతను, పరిశీలనాసక్తిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగపు 51-ఎ అధికరణములో చేర్చుకొన్నాము. ఆ వాక్యమును కూడ మన పిల్లలు కంఠస్థము చేసి అప్పగించుచున్నారు!

సాక్ష్యము చూపినంత మాత్రమున నమ్మకము పోవునని అనుకొనువారికి 1954 నాటి ఒక అమెరికా ఉదంతము చెప్పవలెను. ఆ ఏటి డిసెంబరు 21న జలప్రళయము వచ్చుననియు, అన్యగ్రహవాసులు వచ్చి తమ్ము రక్షింతురనియు నమ్మిన ఒక చిన్న బృందములో లియోన్ ఫెస్టింగర్ అను మనస్తత్త్వవేత్తయు, అతని సహచరులును సభ్యులవలె చేరి పరిశీలించిరి. ఆ దినము వచ్చెను, పోయెను, ప్రళయము రాలేదు. ఉద్యోగములు మాని, ఆస్తులు వదలుకొని ఒకచోట చేరియున్నవారిలో పెక్కురు నమ్మకమును విడువకపోగా, తమ వల్లనే లోకము రక్షింపబడినదని మునుపటికంటె గట్టిగా ప్రచారము చేయసాగిరని ఆ పరిశీలకులు వ్రాసిరి. కాని ఆ రాత్రి ఒంటరిగా తమ తమ ఇండ్లలో ఉన్నవారిలో చాలమందికి నమ్మకము సడలినది. దీనినిబట్టి నాకు తోచునది యేమనగా, మనిషి సిద్ధాంతమును పట్టుకొనియుండుట కంటె దానిని నమ్ము మనుష్యులను పట్టుకొని యుండును. వారిని విడిచినచో తనకు మరి ఎవరున్నారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకువరకు ఎంతటి సాక్ష్యమును అతని చెవి కెక్కదు.

జవాబు దొరికిన చోట ఏమి జరుగునో తెలంగాణలోనే చూచితిమి. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకార్లు వాట్సాప్ ద్వారా దేశమంతటను వ్యాపించి అమాయకుల ప్రాణములను తీయుచుండగా, జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామమునకొక కానిస్టేబులును దత్తత యిచ్చినట్లు అప్పగించి, వారు తరచు పోయి అరుగుల మీద కూర్చుండి జనముతో మాటలాడునట్లును, ఫోనులో వచ్చిన ఏ సందేశమునైనను నమ్మకముందు తమ్ము అడుగునట్లును అలవాటు చేయించినది. డప్పుతో, పాటతో అదే సంగతిని ఊరూర చెప్పించినది. సుమారు 400 గ్రామములలో అట్టి హత్య ఒక్కటియు జరుగలేదు. ఆ వేసవి గడచిన పిమ్మట, 2018 జూలై 13న, మనకు పొరుగుననే ఉన్న బీదరు జిల్లా ముర్కి గ్రామములో, హైదరాబాదునుండి మిత్రులతో వచ్చి పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు ఒక యువ ఇంజనీరు మూక చేతిలో ప్రాణము కోల్పోయినాడు. ఆ మూకకును గద్వాల పల్లెలకును బుద్ధిలో తేడా ఉన్నదని నేననుకొనను. అచ్చట సందేహము వచ్చినచో అడుగుటకు ఒక తెలిసిన మనిషి ఉన్నాడు, ఇచ్చట లేడు.

ఆ మనిషి ఎవరు కాగలరు? పోలీసే కానక్కరలేదు, హేతువాది కానక్కరలేదు. తండాకు వారమునకొకసారి వచ్చు ఏఎన్ఎం కావచ్చును, ఆశా కార్యకర్త కావచ్చును, ఊరిలోనే కాపురముండు ఉపాధ్యాయుడు కావచ్చును (ఊరిలో కాపురముండువాడు అని నొక్కి చెప్పుచున్నాను; సాయంకాలపు బస్సుకు పోవువాడు ఈ పనికి పనికిరాడు, భయము పుట్టునది చీకటి పడిన తరువాత గదా). అతడు చేయవలసినది ఉపన్యాసము కాదు, విచారణ. "పిల్లకు జ్వరమెప్పుడు వచ్చింది? అంతకుముందు ఏం తిన్నది? ఆ ముసలమ్మ మీ ఇంటికి వచ్చింది జ్వరానికి ముందా, తర్వాతనా? వాడకట్టులో ఇంకెవరి పిల్లలకన్న ఇట్లయిందా?" అని అడిగి, జవాబు తాను చెప్పక ఊరకుండవలెను. ఈ ఊరకుండుట చదువుకొన్నవారికి మహాకష్టము. వాడుక తప్పి పూడిపోయిన బావిలో ట్యాంకరు నీరు తెచ్చి పోసినచో రెండు దినములలో ఇంకిపోవును. పూడిక తీసినచో ఊట తానే పైకి వచ్చును. అడిగిన ప్రశ్నకు తల్లి తానే లెక్కవేసికొని, జ్వరము ముందు వచ్చినది, ముసలమ్మ తరువాత వచ్చినది అని ఒక్కసారి కనుగొన్నచో, ఆ కనుగొన్నది ఆమె సొత్తు. దానిని ఏ మంత్రగాడును అపహరింపలేడు. ఆనాడే ఆమె బాణామతిని పూర్తిగా విడిచిపెట్టవలెనను తొందర మనకు కూడదు. ఆసుపత్రికి పోవుచు తాయెత్తు కూడ కట్టుకొనిపోయినను అభ్యంతరము చెప్పను. తాయెత్తు తరువాత తెగును.

పరువును గురించియు ఒక మాట. ఒకని మీద నింద వేసిన గ్రామము ఆ నింద తప్పని ఒప్పుకొనవలెనన్నచో తాను చేసినదానిని చూచుకొనవలెను. కొట్టినవారిలో తమ్ముడున్నాడు, త్రాడు తెచ్చినవారిలో మేనల్లుడున్నాడు. "మీరంతా హంతకులు" అనుచు ఆరంభించు బోధకునికి ఎదురుగా ఊరంతయు ఒక్కటై నిలుచును, నిలువక తప్పదు కూడ. నేరము చేసినవారిని న్యాయస్థానము శిక్షించుగాక. దానిలో దాక్షిణ్యము పనికిరాదు. కాని చూచుచు నిలిచినవారు వెనుకకు నడచుటకు సిగ్గుపడనక్కరలేని బాట ఒకటి ఉంచవలెను. అందరికంటె ముందు "నాకేదో అనుమానంగ ఉన్నది" అని గొణిగినవాడు ఎవడో ప్రతి ఊరిలోను ఉండును. వానిని వెదకి పట్టుకొని, వాడు ఒంటరివాడు కాకుండ, వాని పంపు నీళ్ళకును, వాని పిల్లల పెండ్లికిని అడ్డు రాకుండ కాపాడుట వేయి కళాజాతలకంటె మేలు. నింద మోసిన మనిషి సంగతి ఇంకను దారుణమైనది. ఇరువదేండ్లు ఊరంతయు మంత్రగత్తె యనగా అనగా, కొందరు ముసలమ్మలు తమ చూపులో ఏదో విషమున్నదని తామే నమ్మి, పసిపిల్లలు ఎదురైనచో కొంగు కప్పుకొని ప్రక్కకు తొలగుదురు. మనము నేర్పిన అబద్ధమును ఆమెచేత మాన్పించుట మన ఋణము. దానికి మాటలు చాలవు. ఆమె చేతి నీళ్ళు నలుగురి ఎదుట త్రాగువారు కావలెను.

ఈ ప్రశ్నించు విద్య మనకు పడమటినుండి దిగుమతి కావలసినది గాదు. బీదరు జిల్లాలోని కల్యాణమున, పన్నెండవ శతాబ్దిలో, బసవేశ్వరుని కాలపు అనుభవమంటపమను సభలో అల్లమప్రభువు అధ్యక్షుడై కూర్చుండి, వచ్చిన ప్రతి శరణుని, కడకు అక్కమహాదేవిని సైతము ప్రశ్నలతో పరీక్షించెనని సంప్రదాయము చెప్పుచున్నది. చెప్పులు కుట్టువాడును, పడవ నడుపువాడును ఆ సభలో నోరు విప్పిరి. ఆ బసవని పేర లింగధారణ చేసిన కుటుంబములు మన ప్రాంతమున వేలున్నవి. నారాయణఖేడ్‌నుండి సంగారెడ్డికి పోవు త్రోవలోని జోగిపేటలో 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన తొలి ఆంధ్ర మహాసభ, నిజాము ఏలుబడిలో నోరు విప్పుటకే జంకు కాలమున, తెలుగువారు తమ స్థితిగతులను తాము చర్చించుకొనుటకు కూడిన సభ. ఇట్టి నేలమీద ప్రశ్న అపరిచితురాలని ఎట్లందుము?

ఇక శాసనము మాట. మహారాష్ట్రములో అంధశ్రద్ధా నిర్మూలనకై జీవితమును ధారవోసిన నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణె వీథిలో హత్యకు గురియైన తరువాతనే, ఆ సంవత్సరము అచ్చట చేతబడి పేరిట జరుగు అఘాయిత్యములను నేరములుగా చేయు చట్టము వచ్చెను. కర్ణాటకము 2017లో అట్టి చట్టమునే చేసి 2020 నుండి అమలునకు తెచ్చినది. తెలంగాణలో అటువంటి ప్రత్యేక శాసనము లేదు. 1956 వరకు ఒకే జిల్లాలో ఉండి, నేటికిని ఇచ్చి పుచ్చుకొను రెండు పల్లెలలో, సరిహద్దుకు ఆవలి ముసలమ్మకు ఉన్న రక్షణ ఈవలి ముసలమ్మకు లేకపోవుట ఏమి న్యాయము? ఇట్టి చట్టము మత విశ్వాసములలో చేయి పెట్టునని కొందరి భయము. కర్ణాటక చట్టము తీర్థయాత్రలను, ప్రదక్షిణములను, హరికథలను, కీర్తనలను తన పరిధినుండి స్పష్టముగా మినహాయించినది. దేవుని మ్రొక్కుకొనువానికి దానివలన ఏ బాధయు లేదు. చట్టము మనస్సును మార్చదనువారి మాట నిజమే, మార్చనక్కరలేదు కూడ. ఊరికి ఎదురుగా మొదట సందేహించినవాని వెనుక ప్రభుత్వము నిలిచియున్నదని తెలుపుటయే దాని పని, ఆ ధైర్యము దొరికినచో మనస్సు తన పనిని తాను చేసికొనును.

కావున మన శాసనసభ్యులను, వారి పక్షమేదైనను, ఈ చట్టమును గురించి సభలో అడుగవలసినదిగా ఓటర్లు అడుగవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు మనోవైద్యుడు నెలకొక దినమైనను వచ్చునట్లును, ఆ దినము సంతదినమై యుండునట్లును కలెక్టరుగారు ఏర్పాటు చేయింపవలెను; సంతకు వచ్చినవారు వైద్యుని చూచిపోయినచో ఎర్రగడ్డ మాట ఎవరికిని తెలియదు. ఈ పత్రికను చదువుచున్న మీ ఊరిలో నేటి రాత్రియే ఎవరి ఇంటిలోనైనను ఒక పిల్ల పడిపోయి, వాకిట నలుగురు చేరి ఒక పేరు పలుకుచున్నచో, ఆ పేరుగల మనిషికి ప్రమాదమున్నదని తలచి వెంటనే 112కు ఫోను చేయుడు. ఆ పిల్లను గురించి 14416కు చేయుడు. రెండవది 2022 అక్టోబరునుండి పనిచేయుచున్న టెలి మానస్ అను ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య. పగలును రాత్రియు పలుకును, తెలుగులో మాటలాడవచ్చును, రూపాయి ఖర్చు లేదు.